118 ఊళ్లకు చెదిరిన మూడు ఊళ్లు

నాలుగు వందల ఏళ్లుగా ద్రాక్ష తోటలు, గోధుమ చేలు సాగుచేసుకుంటూ బతికిన మనుషుల్ని, ద్రాక్ష తీగ నిలవని చలికొండల మీదికి తరలించారు. 1948 నుంచి 1951 దాకా సాగిన పని ఇది. యుద్ధంలో గెలిచిన పరాయి సైన్యం చేయలేదు దీన్ని. వాళ్ల సొంత ప్రభుత్వమే చేసింది. ఊరికి కొన్ని కుటుంబాల చొప్పున, మూడు ఊళ్ల జనాన్ని 118 ఊళ్లలోకి చెదరగొట్టింది. ఈ మాట చెబితే, యూరప్ చరిత్ర బాగా చదివిన మిత్రులు కూడా "ఏ మూడు ఊళ్లు?" అని అడుగుతారు. పేర్లు చెప్పాక ఒక్క క్షణం ఆగి వేరే విషయంలోకి వెళ్లిపోతారు. ఆ ఒక్క క్షణం మీదే నా కోపం.

పేర్లు చెబుతాను. దయచేసి నోటితో పలకండి. ఫ్రేలిఖోవ్. నొవీ ప్ర్షెరోవ్. దొబ్రే పొలే. చెక్ దేశపు దక్షిణపు అంచున, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని, మికులోవ్ పట్టణానికి పడమటి వైపు ఉన్న ఊళ్లు. దొబ్రే పొలే అంటే మంచి పొలం. ఆ 'పొలే'లో మన 'పొలం' వినబడి మొదటిసారి మనసు ఉలిక్కిపడింది. భాషల మధ్య చుట్టరికమేమీ లేదు, కాకతాళీయమే. అయినా అప్పటినుంచి ఆ ఊరు నాకు పరాయిది కాలేదు. మొదటి ఊరి పేరునైతే 1949లో తుడిచేసి యెవిషొవ్కా అని మార్చారు. మనుషుల్ని పంపేస్తూ, పేరు మాత్రం ఎందుకు మిగలాలనుకున్నారు కాబోలు.

ఆ ఊళ్లలో ఉన్నది క్రొయేషియన్లు. 16వ శతాబ్దంలో ఒట్టోమాన్ సేనలు ఉత్తరానికి తోసుకొస్తుంటే, ఇళ్లు తగలబడి, పశువులు పోయి, ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు. జనం లేక పాడుబడ్డ తమ ఎస్టేట్లలో దున్నేవాళ్లు కావాలని మొరావియా ప్రభువులు వాళ్లకు చోటిచ్చారు. అలా అడుగుపెట్టినవాళ్లు తరాల తరబడి అక్కడే ఉన్నారు. చుట్టూ జర్మన్ మాట్లాడే పల్లెలు, కొంచెం ఎగువన చెక్ పల్లెలు, నడుమ వీళ్ల భాష వీళ్లది. ఇంట్లో అమ్మతో మాట్లాడేది క్రొయేషియన్, సంతలో జర్మన్, కచేరీలో చెక్. చదువు లేని రైతుకు కూడా మూడు భాషలు వచ్చేవి. ఒథ్మార్ రుజిచ్కా అనే చిత్రకారుడు ఆ ఊళ్ల మీద మనసుపడి ఏళ్ల తరబడి వాళ్ల పెళ్లిళ్లు, పండుగలు, కుట్టుపని నిండిన బట్టలు బొమ్మలు గీశాడు. ఇవాళ ఆ బొమ్మల్లో ఉన్నంతమంది క్రొయేషియన్లు ఆ వీధుల్లో లేరు.

ఏం తప్పు చేశారు వాళ్లు?

1938 సెప్టెంబర్ చివర మ్యూనిక్‌లో నాలుగు పెద్ద దేశాలు కూర్చుని సంతకాలు పెట్టాయి. ఆ సంతకాలతో ఈ సరిహద్దు ప్రాంతం హిట్లర్ జర్మనీలో కలిసిపోయింది. ఫ్రేలిఖోవ్ రైతును ఎవరూ అడగలేదు. రాత్రి చెకోస్లొవాక్ పౌరుడిగా పడుకున్నవాడు కొన్నాళ్లకే జర్మన్ రాజ్యపు పౌరుడయ్యాడు. యుద్ధం వచ్చింది, పౌరుడన్నాక సైన్యంలోకి రమ్మన్నారు. పోకపోతే ఏమయ్యేదో అందరికీ తెలుసు. యుద్ధం ముగిశాక అదే నేరమైంది. జర్మన్ సైన్యంలో పనిచేశారు, నమ్మదగినవాళ్లు కారు, పైగా సరిహద్దు మీద ఉన్నారు అన్నారు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం పట్టారు. అదే ఏడాది జూన్‌లో సోవియట్ నేత స్టాలిన్‌కూ యుగొస్లావియా నేత టిటోకూ తెగిపోయింది. క్రొయేషియా భాగమైన యుగొస్లావియాతో ఏ నూలుపోగంత బంధం ఉన్నా అనుమానించే కాలం వచ్చింది. నాలుగు శతాబ్దాల కిందట వదిలొచ్చిన దేశపు పాపం కూడా ఈ రైతుల నెత్తిన పడింది.

వాళ్లకు బదులు ఇళ్లిచ్చారు, బదులు భూములిచ్చారు అని సమర్థించేవాళ్లున్నారు. ఎవరి ఇళ్లు ఇచ్చారు? కొన్నేళ్ల ముందు వెళ్లగొట్టిన జర్మన్ల ఇళ్లు. ఒకడి గుమ్మంలోంచి ఇంకొకణ్ణి ఈడ్చి, ఆ గుమ్మం చూపించి ఇదిగో నీ పరిహారం అంటే దాన్ని పరిహారం అనాలా? ఆ బదులు భూమైనా ఎన్నాళ్లు మిగిలింది? వెనువెంటనే వచ్చిన సమష్టి వ్యవసాయం దాన్నీ మింగేసింది. రెండుసార్లు పోగొట్టుకున్నారు ఆ మనుషులు.

వాళ్లను పంపిన చోట్లలో హుజొవా ఒకటి. ష్టెర్న్‌బెర్క్ పైన, ఎత్తు నేల. బంగాళదుంప పండుతుంది, ఓట్స్ పండుతాయి, మంచు కురుస్తుంది. ద్రాక్ష పండదు. దీని మీద కాసేపు ఆగమంటాను, ఎందుకంటే నష్టం లెక్కలు రాసేవాళ్లు ఎప్పుడూ ఎకరాలు రాస్తారు, ఇళ్లు రాస్తారు, పశువులు రాస్తారు. చేతిలో ఉన్న తెలివి ఏ పట్టీలోనూ ఉండదు. చలికాలం చివర తీగను ఎక్కడ కత్తిరించాలి, ఎన్ని కళ్లు వదలాలి, ఏ మొదలు ఇంకో ఏడాది మోయగలదు, ఏది అలసిపోయింది, వసంతంలో ఏ పల్లంలో చలిగాలి నిలిచి లేత చిగురును మాడ్చేస్తుంది, ఏ వాలు మీద కాయ ముందు పక్వానికొస్తుంది, ఇదంతా తండ్రి వెనక నడుస్తూ నేర్చుకునేది. ఆ వాలు మీద తప్ప ఇంకెక్కడా పనికిరాని చదువు అది. అలాంటి చదువున్న నడివయసు మనిషిని తీసుకెళ్లి మంచు కొండ మీద నిలబెడితే, మర్నాటి నుంచి అతనికి ఏమీ రానట్టే. కొడుక్కి నేర్పడానికి అతని దగ్గర ఏమీ లేనట్టే. ప్రాణం తీయకుండా ఒక మనిషిని ఖాళీ చేయడమంటే ఇదే.

భాషకూ అదే గతి పట్టింది. భాష బతకాలంటే పక్కింట్లో ఇంకొకరు ఉండాలి. వీధి చివర తగువు పడటానికైనా మనిషి కావాలి. ఊరికి రెండు మూడు ఇళ్లుగా విడిపోయాక, బడిలో పిల్లలు చెక్ నేర్చారు, ఇంటికొచ్చి చెక్‌లోనే జవాబు చెప్పారు. ఇప్పుడు ఆ క్రొయేషియన్ యాసను ధారాళంగా మాట్లాడేవాళ్లు ముసలివాళ్లే, వాళ్లూ కొద్దిమందే.

ఇది ఒక్క క్రొయేషియన్ల కథ అయితే, చిన్న జాతి కనుక కళ్లబడలేదేమో అని సరిపెట్టుకుందును. ఆ నేల మీద జరిగినదంతా వరసగా చూస్తే సరిపెట్టుకోవడం సాధ్యం కాదు.

మికులోవ్ కోటలో 1643లో చేసిన పెద్ద పీపా ఒకటుంది. లక్ష లీటర్లకు పైగా వైన్ పడుతుంది అందులో. చూడ్డానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆ పీపా చేయడానికి ఇరవై ఏళ్ల ముందే, 1622లో, ఆ ప్రాంతం నుంచి హబాన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లు మంచి కుమ్మరులు, మంచి తోటమాలులు. వాళ్లు పుట్టిన మతోద్యమపు బోధకుడు బాల్తజార్ హూబ్‌మాయర్ 1526లో ఆశ్రయం కోరి వచ్చింది మికులోవ్‌కే. రెండేళ్లు తిరక్కుండా 1528 మార్చిలో వియన్నాలో అతన్ని సజీవదహనం చేశారు. అంటే వెళ్లగొట్టడం ఆ సరిహద్దుకు కొత్త కాదు. కొత్తది 20వ శతాబ్దపు వేగం. పదమూడేళ్లలో ఊళ్లకు ఊళ్లు మనుషుల్ని మార్చుకున్నాయి.

ముందు యూదులు పోయారు. మికులోవ్ మొరావియా యూదులకు శతాబ్దాల పాటు రాజధాని లాంటిది. ప్రాగ్ నగరపు మహా రబ్బీగా లోకం ఎరిగిన లోవ్, దాదాపు ఇరవై ఏళ్లు ఈ పట్టణంలోనే ఉన్నాడు. 1938లో అక్కడ 472 మంది యూదులు మిగిలి ఉన్నారు. వాళ్లలో 327 మంది యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. కొండవాలు శ్మశానంలో నాలుగు వేల దాకా సమాధి రాళ్లున్నాయి. బతికిన యూదుల కంటే రాళ్లే ఎక్కువైన ఊరు.

తర్వాత జర్మన్లు పోయారు. ఇక్కడ మాట తూచి మాట్లాడాలని తెలుసు. నాజీలు చెక్ ప్రజల మీద చేసిన ఘోరాలను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. అయితే 1945 మే 30 రాత్రి బ్రనో నగరం నుంచి కాలినడకన తోలిన సుమారు ఇరవై వేల మందిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆస్ట్రియా వైపు ద్రాక్ష పల్లెల గుండా నడిపించారు వాళ్లను. పొహొర్జెలిత్సె దగ్గర శిబిరంలో విరేచనాలతో, ఆకలితో రాలిపోయారు. ఆ దారి పక్క స్మారకం మీద 890 మంది అని చెక్కి ఉంది. అక్కడ పూడ్చిపెట్టినవాళ్ల లెక్క మాత్రమే అది. సరిహద్దు అవతల ద్రాజెన్‌హోఫెన్‌లో ఇంకొన్ని సమాధులున్నాయి. ఏ పసిబిడ్డ ఏ యుద్ధం చేసింది? మరుసటి ఏడాది రైళ్లలో, పద్ధతిగా, మికులోవ్ చుట్టుపక్కల జర్మన్లను దాదాపు అందరినీ పంపేశారు. దేశం మొత్తం మీద వెళ్లగొట్టినవాళ్లు ముప్ఫై లక్షల దాకా ఉంటారు.

మికులోవ్‌లో ఏటా సెప్టెంబర్‌లో ద్రాక్ష కోత పండుగ చేస్తారు. ఊరేగింపు, పాటలు, పులుస్తున్న పచ్చి రసం. ఆ పండుగ 1947 నుంచి జరుగుతోంది. ఇంకోసారి ఆ సంవత్సరం చూడండి. ఆ తోటలు నాటినవాళ్లు అంతకు ముందు ఏడాదే రైలెక్కారు. ఫ్రేలిఖోవ్ వాళ్లు ఇంకా తమ ఇళ్లలోనే ఉన్నారు, తమ వంతు రాబోతోందని తెలియకుండా. అప్పుడు ఊరేగింపులో నడిచినవాళ్లలో ఒక్కరికైనా గొంతు పట్టుకుపోలేదా అని నేను ఇప్పటికీ అడుగుతాను.

ఖాళీ అయిన ఇళ్లలోకి వచ్చినవాళ్లను నిందించను. వాళ్లు తరిమినవాళ్లు కారు, చాలామంది తామే ఎక్కడినుంచో కదిలి వచ్చినవాళ్లు. ఎగువ మొరావియా పల్లెల పేదలు, స్లొవాక్‌లు, ఉక్రెయిన్‌లోని వొలీనియా నుంచి 1947లో తిరిగొచ్చిన చెక్ కుటుంబాలు, బల్గేరియాలోని వొయ్‌వొదొవో ఊరి నుంచి మికులోవ్ చుట్టుపక్కలకు చేరిన చెక్‌లు. తలుపు తీసి చూస్తే గోడ మీద ఎవరిదో శిలువ, గదిలో ఎవరిదో మంచం, పెరట్లో ఎవరో నాటిన తీగ. ఆ తీగను ఎలా కత్తిరించాలో చెప్పేవాళ్లు లేరు. అడుగుదామంటే నాటిన మనిషి మాట్లాడే భాష పేరెత్తడమే ప్రమాదం. అలా మొదలైంది ఆ ఊళ్లలో మౌనం. మొదట అది భయం. పిల్లల తరానికి అలవాటు. మనవళ్ల తరానికి అక్కడ మాట్లాడవలసినదేదో ఉందనే తెలియకుండా పోయింది.

ఆపైన ఇనుప తెర దిగింది. ముళ్లకంచె, కాపలా బురుజులు, 1950ల్లో కరెంటు తీగలు. సరిహద్దు పక్క తోటకు వెళ్లాలంటే అనుమతి కాగితం. అదీ చాలక దియె నది మీద నొవే మ్లీనీ జలాశయాలు కట్టి ముషోవ్ అనే పల్లెను ముంచేశారు. జర్మన్లు పోయాక వచ్చి కాపురం పెట్టినవాళ్లు కూడా మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది. ముంపు ఊరు అనే మాట తెలుగువాళ్లకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. ముషోవ్‌లో ఇప్పుడు మిగిలింది నీళ్ల నడుమ చిన్న దిబ్బ మీద ఒక చర్చి. పడవ మీంచి చూసినవాళ్లు అందంగా ఉందంటారు.

ఇప్పుడు ఆ ప్రాంతానికి మంచి రోజులొచ్చాయి. 2007 డిసెంబర్‌లో సరిహద్దు తనిఖీలు పోయాయి. చెక్ దేశపు ద్రాక్ష తోటల్లో నూటికి 96 వంతులు మొరావియాలోనే ఉన్నాయి, మికులోవ్ వాటికి ముఖపత్రం. సైకిళ్ల మీద వస్తారు, నేలమాళిగల్లోకి దిగుతారు, పాలవా రకం వైన్ రుచి చూసి సున్నపురాయి నేల గురించి, తూర్పు వాలు ఎండ గురించి, పూల వాసన గురించి గంటసేపు మాట్లాడతారు. రాయికి చరిత్ర ఉంది. ఎండకు చరిత్ర ఉంది. నేలమాళిగ వయసు ఎన్ని వందల ఏళ్లో అడిగి తెలుసుకుంటారు. దాన్ని తవ్వింది ఎవరు అని అడగరు. నేలకు ఇంత గౌరవం ఇస్తూ మనిషికి ఏమీ ఇవ్వకపోవడం నాకు కడుపు మండిస్తుంది. నేల దానంతట అది వైన్ అవుతుందా? ఆ వాలు మీద మొదటి గుంత తీసిన చేతికి ఒక పేరుంది, ఒక భాష ఉంది, దాని మనవలు ఇప్పుడు ఎక్కడో ఉన్నారు.

జ్ఞాపకం బొత్తిగా లేదని అనను. బ్రనో నగర పాలకవర్గం 2015లో, 1945 నాటి ఆ నడక గురించి బహిరంగంగా విచారం వ్యక్తం చేసింది. చెక్ యువతీయువకులు ఏటా అదే దారిలో ఎదురు దిశగా, పొహొర్జెలిత్సె నుంచి బ్రనోకు నడుస్తున్నారు. వాళ్లకు నమస్కారం. యెవిషొవ్కాలో క్రొయేషియన్ల జ్ఞాపకాలు దాచిన ఒక ఇల్లు కూడా ఉంది. 1991లో వాళ్లే సంఘం కట్టుకున్నారు. ఏటా సెప్టెంబర్‌లో 'కిరితోఫ్' అని తమ పాత తిరునాళ్లను ఆ ఊళ్లోనే జరుపుతారు. ఎక్కడెక్కడినుంచో వస్తారు, పాత బట్టలు కట్టుకుంటారు, పాట పాడతారు, సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. తమ సొంత ఊరికి చుట్టాల్లా వచ్చి పోవడమది. పోగొట్టుకున్నవాళ్లే ఏడవాలి, పోగొట్టుకున్నవాళ్లే దాచుకోవాలి, పోగొట్టుకున్నవాళ్లే వచ్చినవాళ్లకు చూపించాలి. మిగతా అందరూ ఏం చేస్తున్నట్టు?

చట్టం సంగతి చూడండి. చెక్ దేశంలో అల్పసంఖ్యాక జాతులకు హక్కులున్నాయి. ఊరి పేరు బోర్డు రెండు భాషల్లో పెట్టాలన్నా, ఊరి పాలకమండలిలో ఆ జాతి కోసం కమిటీ వేయాలన్నా, జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో నూటికి కనీసం పదిమంది ఆ జాతివాళ్లమని చెప్పుకుని ఉండాలి. కాగితం మీద అందరికీ ఒకటే నియమం. కానీ 118 ఊళ్లలోకి చెదరగొట్టిన జాతి ఏ ఊళ్లో నూటికి పదిమంది అవుతుంది? ఏ జన్మకు అవుతుంది? 1948లో చెదరగొట్టినవాళ్ల ఉద్దేశం ఇదే, ఎక్కడా లెక్కకు రాకూడదని. ఆ నియమం ఇవాళ వాళ్ల పనిని వాళ్లకంటే నెమ్మదిగా, చట్టబద్ధంగా పూర్తిచేస్తోంది. ఇది రాసినవాళ్లకు దురుద్దేశం లేదని ఒప్పుకుంటాను. ఆ ఊళ్లు వాళ్ల తలపుకే రాలేదు. తలపుకు రాకపోవడాన్ని ఇంకెంతకాలం క్షమిస్తాం?

సరిహద్దు దాటితే ఆస్ట్రియా. అక్కడి బుర్గెన్‌లాండ్‌లోనూ క్రొయేషియన్లున్నారు. అదే శతాబ్దంలో, అదే ఒట్టోమాన్ సేనల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, వీళ్ల అన్నదమ్ములే అనాలి. 1955 ఆస్ట్రియా రాజ్య ఒప్పందంలో ఏడవ అధికరణం వాళ్ల భాషకు, వాళ్ల బడికి హామీ ఇచ్చింది. అమలులో లోపాలున్నాయి, పోరాడి సాధించుకున్నవే ఎక్కువ. అయినా అక్కడ ఇవాళ ఊరి పొలిమేరలో రెండు భాషల బోర్డు కనిపిస్తుంది, చర్చిలో క్రొయేషియన్ పాట వినిపిస్తుంది. ఒకే కష్టం నుంచి పారిపోయి వచ్చిన రెండు గుంపుల్లో ఒకరు ఊళ్లకు ఊళ్లుగా మిగిలారు, ఇంకొకరు ముసలివాళ్ల గొంతుల్లో మిగిలారు. మధ్యనున్నది ఒక గీత. ఎవరు ఏ వైపు దిగారన్నదే బతుకును తేల్చేసింది.

"డెబ్భై ఏళ్ల నాటి సంగతి, ఇప్పుడెందుకు తవ్వడం?" అంటారు. ఎక్కువమంది చెప్పే మాట ఇదే. దాదాపు నాలుగు వందల ఏళ్ల పీపా గురించి ఎవరూ అలా అనరు. 16వ శతాబ్దపు నేలమాళిగ గురించి అనరు. పాతదైనకొద్దీ సీసా ధర పెరుగుతుంది, పాతదైనకొద్దీ మనిషి దుఃఖం ధర పడిపోతుంది. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేను మాత్రం ఒప్పుకోను. పిల్లలుగా బండెక్కి వెళ్లినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. కిటికీ పక్క తీగ ఎటు పాకిందో చెప్పగలరు. వాళ్లుండగానే పాతదైపోయిందని ఎలా అంటాం?

బ్రనోలో, వియన్నాలో చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన తెలుగు పిల్లలున్నారు. శని, ఆదివారాల్లో మికులోవ్ వెళతారు, కోట చూస్తారు, ఫొటోలు పంపుతారు. వాళ్లను ఒకటే అడుగుతున్నాను. ఈసారి వెళ్లినప్పుడు ఇంకొంచెం పడమటికి వెళ్లండి. యెవిషొవ్కాలో దిగండి. సెప్టెంబర్‌లో అయితే కిరితోఫ్ రోజు చూసుకుని వెళ్లండి. అక్కడ పాత బట్టల్లో కూర్చున్న ఏ అవ్వ దగ్గరికైనా వెళ్లి, మీది ఏ ఇల్లమ్మా అని అడగండి. ఆమె చెయ్యెత్తి చూపిస్తుంది. ఆ ఇంటి దాకా ఆమెతో నడిచి వెళ్లండి.